మీ పాటల కింది స్వరాలు మాకు కావాలి

గౌరవనీయులైన ఇళయరాజా గారికి,



అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. మీరు తెలుగు సినిమాలకు చేసిన పాటల్లో బేస్ గిటార్ కోసం రాసిచ్చిన స్వరాలను పుస్తకంగా అచ్చు వేయించండి. ఏ పాటకు బేస్ ఎవరు వాయించారో వాళ్ల పేరు ఆ పాట పక్కనే వేయించండి. ఊరికే ఇమ్మనడం లేదు. వెల పెట్టండి, కొనుక్కుంటాం. పాట మీద దాన్ని పుట్టించినవాడికి ఉండే హక్కు కోసం మీరు కోర్టుల దాకా వెళ్లారు. ఆ హక్కుకు లోబడే అడుగుతున్నాను.

మాది బషీరాబాద్. వికారాబాద్ జిల్లాలో తాండూరు దాటి సేడం దిక్కు పోతుంటే, ఇంకాసేపట్లో కర్ణాటక వస్తుందనగా తగిలే మండలం. ఈ చుట్టుపక్కల భూమి పైన కంది, కింద నాపరాయి. రెండూ తాండూరు పేరు మీదే దేశమంతా అమ్ముడవుతాయి. కందికైతే 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంగీతానికి మాత్రం మాకంటూ పేరేమీ లేదు. ఉన్న ఒకటి రెండు ఆర్కెస్ట్రాలు పెళ్లి విందుల్లో, వినాయక మండపాల్లో, ఉర్సుల్లో వాయిస్తాయి. ఆదివారం పొద్దున చర్చిలో ఆరాధన ఉంటుంది. వీటన్నిటిలో బేస్ గిటార్ పట్టుకునేవాళ్లలో నేనొకణ్ణి. ఒకే రాత్రి తెలుగు పాట, కన్నడ పాట, ఉర్దూ ఖవ్వాలీ వాయించాల్సి వస్తుంది. మూడింటికీ గాయకులు వేరు, శ్రుతులు వేరు. బేస్ వాయించేవాడు ఒకడే.

పాటలో మాకు దక్కేది చిన్న చోటు. నాలుగు తీగలు. అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది, దాని తర్వాతివి 55, 73, 98. మామూలు గిటార్‌లోని నాలుగు లావు తీగలకు సరిగ్గా ఒక స్థాయి కింద. చేసే పని చూడ్డానికి ఇంకా చిన్నది: ఒక్కో తడవకు ఒక్క స్వరం. కానీ ఆ ఒక్క స్వరం ఏదన్న దాన్నిబట్టి పైన పాడుతున్నవాళ్ల స్వరానికి అర్థమే మారిపోతుంది.

మోహన రాగంలో గాయని గాంధారం మీద నిలబడిందనుకోండి. గొంతు కదలడం లేదు. కింద నేను షడ్జమం వేస్తే ఆ గాంధారం నిశ్చింతగా వెలుగుతుంది. అదే గాంధారం కింద మంద్ర ధైవతం వేశాననుకోండి, అది ఆ ధైవతానికి పంచమ స్థానంలో పడుతుంది. గొంతులో ఏ మార్పూ లేకుండానే పాట మీదికి దిగులు వస్తుంది. పంచమం వేస్తే ఇంకా ఏదో రావలసి ఉందనిపిస్తుంది. మధ్యమం వేస్తే మరో అందం పుడుతుంది గానీ అది మోహనలో లేని స్వరం. వేసేముందు ఆలోచించుకోవాలి. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తేల్చుకోవడానికి దొరికే వ్యవధి ఒక అక్షరకాలం. మీ ముందు ఈ సంగతి చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా ఈ లేఖ మీతోపాటు నలుగురూ చదువుతారు కదా. మండపం ముందు కూర్చున్నవాళ్లకు ఆ దిగులు అందుతుంది, ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. గాయని బాగా పాడిందంటారు. నిజంగానే బాగా పాడింది.

బేస్ ఆగిపోతేనే బేస్ ఉన్నట్టు తెలుస్తుందని మా వాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. నాకది సగమే నిజమనిపిస్తుంది. వినేవాళ్లకు ఆగితేనే తెలుస్తుందేమో. పాడేవాళ్లకు మొదటి స్వరంతోనే తెలిసిపోతుంది. కింద ఆధారం కుదిరిన గాయకుడు మైకు మీద పట్టు సడలిస్తాడు, చరణం చివర ఒక సంగతి ఎక్కువ వేస్తాడు. కుదరనివాడు కీబోర్డు వైపు చూస్తాడు. మా వైపు ఎవరూ చూడరు, అది వేరే సంగతి.

కీబోర్డు అన్నాను కాబట్టి ఒక మాట. గాయకుడు "కొంచెం దించన్నా" అంటే కీబోర్డు వాయించే అన్న ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుతాడు. ఆయన వేళ్లు పాత చోట్లనే ఉంటాయి, శ్రుతి మాత్రం దిగిపోతుంది. నాకు ఆ మీట లేదు. మూడో శ్రుతిలో సాధన చేసిన పాటను రెండున్నరకు దించారంటే నా లావు తీగ చేజారినట్టే. మూడో శ్రుతికి ఆ తీగే ఖాళీగా మంద్ర షడ్జమం పలుకుతుంది. అర శ్రుతి దిగితే ఆ షడ్జమం నా గిటార్‌లోనే లేదు. పక్క తీగ మీద ఆరో మెట్టు దగ్గర ఒక స్థాయి పైన వెతుక్కోవాలి. పాట అదే, బరువు పోయింది. తీగలన్నీ దించి మళ్లీ శ్రుతి చేసుకుందామంటే పాటకూ పాటకూ మధ్య యాంకర్ చెప్పే రెండు జోకుల వ్యవధి చాలదు. అప్పుడు ఏం చేయాలన్నది ఎవరూ నేర్పరు. నేను షడ్జమాన్ని తక్కువసార్లు వేసి, కిందికి దిగగలిగిన పంచమాన్ని కాస్త ఎక్కువ వాడతాను. అది సరైన పద్ధతేనా అని మీలాంటివారు రాసిన కాగితం ముందు పెట్టుకుని చూసుకోవాలని ఉంటుంది.

ఇంకో తమాషా ఉంది. ఎర్తింగు సరిగా లేని మండపంలో యాంప్లిఫయర్ గుయ్యిమంటూ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. నా లావు తీగ మూడో మెట్టు మీద పలికే స్వరం 49. అంటే ఆడగొంతులు ఎక్కువగా పాడే అయిదో శ్రుతి షడ్జమం. ఆ శ్రుతిలో పాట పడిందంటే విద్యుత్ శాఖ వారే నాతో పాటు షడ్జమం పట్టుకుంటారు, కాకపోతే ఒక హెర్ట్జ్ ఎక్కువగా. రెండూ కలిసి సెకనుకొకసారి ఊగుతాయి. తంబుర లేని లోటు ఇలా తీరుతోందని నవ్వుకుంటాం.

తంబుర ప్రస్తావన నవ్వుకోవడానికి మాత్రమే తేలేదు. మన నేల మీద బేస్ పని మొదట చేసింది అదే కదా. షడ్జమ పంచమాలు, అంతే. రాగం ఎన్ని మలుపులు తిరిగినా కింద అవి కదలవు. చర్చిలో వాయించేటప్పుడు నాకిది ఎక్కువగా తెలుస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) నాటి నుంచీ కీర్తనలు మన రాగాల్లోనే కట్టారు. ఇప్పుడు వాటికి కీబోర్డు మీద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి పలికించే స్వరాలు, వేస్తున్నాం. మాయామాళవగౌళ కీర్తన వచ్చిందనుకోండి. షడ్జమం మీద ఒక కార్డు కుదురుతుంది. శుద్ధ రిషభం మీద రిషభ, మధ్యమ, ధైవతాలతో ఇంకొకటి కుదురుతుంది. రెండూ రాగంలోని స్వరాలే, తప్పు పట్టడానికి లేదు. కుర్ర కీబోర్డిస్టు ఉత్సాహంగా షడ్జమం నుంచి రిషభానికి ఎగబాకుతాడు. బేస్ కూడా వెంట వెళ్లిందంటే ఎడారి దేశాల సంగీతం వినిపిస్తుంది. ముందు వరుసలోని పెద్దవాళ్లు ఇది మన కీర్తనేనా అన్నట్టు వెనక్కి తిరుగుతారు. బేస్ షడ్జమం మీదే ఉండిపోతే పైన ఆ కార్డు కాసేపు ఉద్రిక్తంగా నిలిచి మళ్లీ దిగి వస్తుంది, రాగం రాగంగానే ఉంటుంది. కదలకుండా ఉండటం కూడా వాయించడమే అని నాకు ఆ కీర్తనలే నేర్పాయి.

స్వరం ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎప్పుడు ఆగాలో చెప్పేవాళ్లు తక్కువ. బేస్‌లో సగం విద్య అక్కడే ఉంది. ఎడమచేతి వేలు తీగను వదలకుండా మెట్టు మీద ఒత్తిడి మాత్రం తీసేస్తే స్వరం అక్కడికక్కడ ఆగుతుంది. కాస్త ముందు ఆగితే పాట నడుస్తుంది, కాస్త సాగితే పాట తూగుతుంది. జాజ్ డ్రమ్స్ ఉన్నప్పుడు కాలి డ్రమ్ముతో కలిసి పడితే చాలు, రెండూ ఒకే దెబ్బగా వినిపిస్తాయి. తబలా ఉన్నప్పుడు అలా కాదు. డగ్గా కూడా నా చోటులోనే పలుకుతుంది, పైగా అది అరచేతి ఒత్తిడితో కిందికీ మీదికీ జారుతుంది. ఆ జారుడు వినిపించాలంటే నేను అప్పటికే ఆగిపోయి ఉండాలి. డోలక్ ఎడమవైపుకూ ఇదే లెక్క. మా దగ్గర డ్రమ్స్ కంటే డోలక్, ప్యాడ్సే ఎక్కువ. అందుకని విదేశీ పాఠాల్లో బేస్‌కు చెప్పే లయసూత్రాలు మాకు సగమే పనికొస్తాయి. డోలక్, తబలా, డ్రమ్స్ అన్నీ ఒకే పాటలో ఉండగా బేస్‌ను ఎక్కడ ఆపాలో దశాబ్దాల పాటు రాసినవారు మీరు.

భజనల్లో ఇంకో చిక్కు. గాయకుడికి ఊపు వస్తే పల్లవి ఎన్నిసార్లు తిప్పుతాడో ఆయనకే తెలియదు. లెక్కపెట్టుకుని వాయిస్తే మునిగిపోతాం. ఆయన ఊపిరి చూడాలి. చరణంలోకి వెళ్లేవాడు ఊపిరి నిండా తీసుకుంటాడు, పల్లవికే తిరిగేవాడు చిన్నగా తీసుకుంటాడు. పంక్తిలో వడ్డించేవాడు విస్తరిని చూస్తూ నడిచినట్టు నడవాలి. అడిగాక తెచ్చేవాడు, వద్దన్నా వేసేవాడు ఇద్దరూ పనికిరారు.

వద్దన్నా వేసే గుణం ఇప్పుడు ఎక్కువైంది. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్న పిల్లలు బొటనవేలితో తీగల్ని కొట్టి మెరుపులు మెరిపిస్తున్నారు. నా కంటే వేగంగా వాయిస్తున్నారు, ఒప్పుకుంటాను. వాళ్లను పెళ్లిలో ఒక మెలోడీ పాటకు కూర్చోబెడితే గాయకుడు ఊపిరి తీసుకునే ప్రతి సందునూ నింపేస్తారు. వాళ్లకు దేవుడి లాంటివాడు జాకో పాస్టోరియస్ అనే బేస్ వాద్యకారుడు. ఆయన సొంత పేరుతో తెచ్చిన మొదటి ఆల్బమ్ 1976 నాటిది. నిజంగా అద్భుతం. కానీ అదే ఏడాది జోనీ మిచెల్ అనే గాయని ఆల్బమ్ 'హెజిరా'లో ఆయనే కొన్ని పాటలకు తోడు వాయించారు. పిల్లలకు మొదటిదే తెలుసు. రెండోది వినిపిస్తే తెల్లబోయారు. అక్కడా ఆయన కింద పడి ఉండడు, గాయనితో సమానంగా మాట్లాడతాడు. కానీ ఆమె మాట్లాడుతున్నప్పుడు అడ్డం రాడు.

మా సరిహద్దు సంగతి చెప్పానుగా. అటువైపు పెళ్లిళ్లకు వెళితే మీ 'పల్లవి అనుపల్లవి' పాట అడగకుండా వదలరు. 1983లో వచ్చిన కన్నడ సినిమా, మణిరత్నం గారికి మొదటిది. అందులోని యుగళగీతం మొదలవగానే గిటార్ వాయించేవాడికి చప్పట్లు పడతాయి, ఆ గిటార్ బాణీ తర్వాత రోజుల్లో సెల్‌ఫోన్ ప్రకటనగా దేశమంతా తిరిగింది కదా. నాకు ఆ పాట అంటే కింద నడిచే బేసే. గొంతు నిలబడిన చోట అది కదులుతుంది, గొంతు కదిలిన చోట అది తగ్గి ఉంటుంది. తీసి విడిగా వాయించినా ఒక పాటలాగే వినిపిస్తుంది. మీ పాటల్లో చాలావాటికి ఇది నిజం. కింద రెండో పాట నడుస్తూ ఉంటుంది, మొదటి పాటకు అది ఎక్కడా పోటీ కాదు.

దీన్ని మీరు బాఖ్ దగ్గర తీసుకున్నారో త్యాగరాజు దగ్గర తీసుకున్నారో మీకే తెలియాలి. 1986లో 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌ను ఆ ఇద్దరికీ అంకితమిచ్చారు. బాఖ్ కాలంలో కింది స్వరాలు రాసి, వాటి మీద అంకెలు వేసి ఇస్తే కీబోర్డు వాయించేవారు పైన కార్డులు తామే నింపుకునేవారట. అంటే రాయక తప్పనిది కింది స్వరమే. ఇవాళ మా కచేరీల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తోంది. కార్డులు రాసుకొస్తాం, "బేస్ నువ్వు చూసుకో" అంటారు. కొన్నిచోట్ల ఆ మాట కూడా లేదు, బేస్ గిటార్ మనిషినే మానేశారు. కీబోర్డిస్టు ఎడమచెయ్యి చూసుకుంటుంది, లేదా ట్రాక్ పెట్టేస్తారు. ఖర్చు కలిసొస్తుంది, వాళ్లను తప్పుపట్టను. కానీ ట్రాక్ గాయకుడి ఊపిరి చూడదు.

మరి విని నేర్చుకోవచ్చు కదా, కాగితం ఎందుకు అంటారేమో. మేం నేర్చుకున్నదంతా వినే. అందులోనే ఉంది ఇబ్బంది. రేడియోలో, టేప్‌రికార్డర్‌లో ఉండే చిన్న స్పీకరు 41 హెర్ట్జ్‌ను పలకలేదు. దానికి రెట్టింపు 82ను, మూడింతల 123ను పలుకుతుంది. వాటిని విని చెవి అసలు స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. చెవి చేసే ఈ మాయ గొప్పదే. కానీ ఆ స్వరం ఏ స్థాయిలో వాయించారో, ఖాళీ తీగ మీదా మెట్టు మీదా అన్నది ఊహకు అందదు. ఫోన్ స్పీకర్ వచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. రెండో కొసన డీజే బాక్సులున్నాయి. అక్కడ బేస్‌కు కొరత లేదు, గుండెలదిరిపోతాయి. కాకపోతే ఏ స్వరం వేసినా ఒకే దడదడగా వస్తుంది. ఒకచోట స్వరం లేకుండా పోయింది, ఇంకోచోట శబ్దం మాత్రం మిగిలింది. యూట్యూబ్‌లో మీ పాటలకు బేస్ వాయించి చూపించేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకే చరణాన్ని ముగ్గురు మూడు రకాలుగా వాయిస్తారు. ముగ్గురూ చెవి మీద ఆధారపడ్డవాళ్లే. మీరు రాసింది ఏదని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

మీరు రాసే తీరు అందరికీ తెలిసిందే. వాద్యం ముట్టుకోకుండా, కాగితం మీద నేరుగా పాశ్చాత్య స్వరలిపిలో ప్రతి వాద్యానికీ విడిగా రాస్తారు. వాద్యకారులు తమ తమ భాగాలు ఎక్కించుకుని వాయిస్తారు. బేస్‌కూ అంతే. ఊహించి వాయించమని వదిలేసింది కాదది, ఆలోచించి రాసిన సాహిత్యం. 'సాగర సంగమం' (1983), 'రుద్రవీణ' (1988) సంగీతానికి మీకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. 'గీతాంజలి' (1989) పాటలు ముప్పై ఏళ్లు దాటినా మా దగ్గర ఏ రాత్రీ వదలవు. అందులో ఒక యుగళగీతానికి గుండెచప్పుడునే లయగా పెట్టారు. లయవాద్యం అవసరం లేనిచోట దాన్ని తీసి పక్కన పెట్టగల మనిషి, బేస్‌కు ఎక్కడ ఎన్ని మాత్రల మౌనం రాశారో మాకు చూడాలని ఉంది. విన్నప్పుడు మౌనం లెక్కకు రాదు. కాగితం మీద విరామ చిహ్నంగా కనబడుతుంది.

పేర్ల సంగతి. మీ బృందంలో దశాబ్దాల పాటు బేస్ గిటార్ పట్టుకున్న శశిధరన్ గారి పేరు మా వైపు బేస్ వాయించేవాళ్లలో ఎంతమందికి తెలుసని అడిగి చూశాను. నవ్వారు. అదే కీత్ పీటర్స్ అనే బేస్ వాద్యకారుడి పేరు చెబితే గుర్తుపట్టారు. ఎ.ఆర్. రహమాన్ గారి సీడీలతో వచ్చే కాగితం మీద వాద్యకారుల పేర్లు ఉండేవి, అలా తెలిసింది. తేడా అంతా ఒక చిన్న కాగితం ముక్కది.

తోడు వాయించినవాళ్ల పేర్లు మరిచిపోవడం మనకు అలవాటే, సినిమాతో మొదలైంది కాదు. బుర్రకథ అంటే షేక్ నాజర్ గారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కథకు ఇటూ అటూ నిలబడి ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతూ నడిపించిన వంతలను ఎందరు తలుచుకుంటారు? మా తెలంగాణ ఒగ్గుకథలోనూ అంతే. కథకుడు విసిరిన మాటను వంతపాడేవాడు అందుకోకపోతే కథ రెండడుగులు కూడా నడవదు. డోలు దెబ్బ ఆలస్యమైతే మల్లన్న గుర్రం ఆగిపోతుంది. చూసేవాళ్లకు ఇది తెలుసు, ఇళ్లకు వెళ్లాక కథకుడి పేరే చెబుతారు. శాస్త్రీయ సంగీతంలో పక్కవాద్యం పేరు కరపత్రం మీద వేస్తారు, అదొక మర్యాద. అయినా ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని (1893–1964) తలుచుకోవాల్సి వస్తే ఆయన ఒంటరిగా చేసిన వయొలిన్ కచేరీల గురించే మాట్లాడతాం. పక్కన కూర్చుని ఎన్ని గొంతుల్ని మోశారో ఆ ముచ్చట రాదు. తోడు వాయించేవాడు తోడు మానేశాక గొప్పవాడవుతాడన్నట్టు ఉంటుంది మన ధోరణి. దాంతో నాకు పేచీ ఉంది.

బయట ఒక ఉదాహరణ ఉంది. అమెరికాలో డెట్రాయిట్ నగరం, మోటౌన్ రికార్డు కంపెనీ. 1960లలో అక్కడ తయారైన హిట్ పాటల్లో చాలావాటికి బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవారు. ఏళ్ల తరబడి రికార్డుల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే అనే గాయకుడు తన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ అట్ట మీద వేయించారు. 1983లో జేమర్సన్ పోయారు. ఆరేళ్ల తర్వాత, 1989లో, ఆయన వాయించిన స్వరాలను ఎక్కించి ఒక పుస్తకం తెచ్చారు, 2002లో ఆయన వాయించిన మోటౌన్ వాద్యబృందం మీద డాక్యుమెంటరీ వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ బేస్ నేర్పినా ఆ పుస్తకం పేరు వస్తుంది. జేమర్సన్ విషయంలో ఎవరో ఒకరు రికార్డులు విని, తిప్పి తిప్పి విని, రాయాల్సి వచ్చింది. మీ విషయంలో ఆ శ్రమ అక్కర్లేదు. రాసినవారు మీరే, మన మధ్యే ఉన్నారు. 2025 మార్చిలో లండన్‌లో సింఫనీ వినిపించి వచ్చారు. అంత పని చేయగలిగినవారికి ఇది పెద్దది కాదు.

ఇంకొక కారణం కూడా ఉంది మిమ్మల్నే అడగడానికి. 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకులయ్యే ముందు మీరూ తోడు వాయించినవారే. సలీల్ చౌదరి గారికి గిటార్ వాయించారు. జి.కె. వెంకటేశ్ గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. కాల్‌షీటు లెక్కన డబ్బు తీసుకుని, తెర మీద పేరు రాని పాటను రేడియోలో వింటూ ఇంటికి వెళ్లడం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పుస్తకం ఎలా ఉండాలో కూడా నాకొక ఆలోచన ఉంది, వినండి. అన్ని సినిమాలూ ఒకేసారి వద్దు. 'గీతాంజలి' ఒక్కటీ చాలు మొదటిదానికి. మీ చేతిరాత కాగితం బొమ్మ ఒక పేజీ, ఎదురు పేజీలో అచ్చు స్వరలిపి. బేస్ స్వరాలను వినిపించేదానికి ఒక స్థాయి పైన రాస్తారని కొత్తవాళ్లకు తెలియదు, ఆ ముక్క మొదట్లోనే వేయించండి. పాడేవాళ్ల స్వరం కూడా పైన సన్నగా ఉండాలి. పైన ఏం జరుగుతుంటే కింద ఇది రాశారో కనబడకపోతే మాకు దొరికేది సాధన పాఠమే, తోడు విద్య దొరకదు. రికార్డింగ్ రోజున కాగితంలో ఉన్నది మార్చి వాయించి ఉంటే, ఎక్కడ మార్చారో, మార్చింది మీరా వాయించినవారా అన్నది ఒక చిన్న గుర్తుతో చెప్పండి. మాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఆ గుర్తులే.

మా దగ్గర పాశ్చాత్య స్వరలిపి చదవగలిగినవాళ్లు తక్కువే. దాని గురించి మీరు ఆలోచించకండి. సరిగమల్లోకి, తెలుగు అక్షరాల్లోకి ఎక్కించుకునే పని మేం చూసుకుంటాం. చర్చిలో చదవడం వచ్చినవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు, మిగతావాళ్లం వాళ్ల దగ్గర కూర్చుంటాం. అలా ఎక్కించుకున్నది మా సాధనకే వాడతాం, అచ్చు వేయం, అమ్మం. అది కూడా కుదరదంటే, పుస్తకంలోనే సరిగమలు వేయించి వెల ఇంకో వంద పెంచండి.

ఇట్లు,
బషీరాబాద్ నుంచి
ఒక బేస్ గిటార్ వాద్యకారుడు